మంచి గళ్ళు

"టీ టైముకే వచ్చిందిగా? అయితే బాగున్నట్టే," అంటూ ఆయన చెవి మీంచి పెన్సిలు తీసి, ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితం మీద వరసగా ఆరు గళ్ళలో టిక్కులు కొట్టేశాడు. ఆ గ్లాసు బల్ల మీద పెట్టడానికి ఆమె పడ్డ పాట్లు ఆయన చూడలేదు. చూడాలంటే తల ఎత్తాలి కదా. కంటికి భూతద్దం, పక్కన పట్టకారు, ఎదురుగా పొట్ట విప్పేసిన చేతి గడియారం. వంటింటి గుమ్మం నుంచి ముందుగదిలో ఆయన బల్ల దాకా పదకొండు అడుగులు. పాదం నేలకి అతుక్కుపోకుండా ఆ పదకొండూ మనసులో లెక్కపెట్టుకుంటూ, తొణక్కుండా ఉండాలని గ్లాసు సగానికే నింపుకుని తెచ్చింది. సగం గ్లాసేమిటని కూడా ఆయన అడగలేదు. రెండు గుక్కల్లో తాగేసి, "చల్లారిపోయింది," అన్నాడు.

మూడు రోజుల కాగితం అది. రోజుకి నలభై ఎనిమిది గళ్ళు, అరగంటకొకటి. ఒళ్ళు చెప్పిన మాట వింటోందా, బిగుసుకుపోయిందా, అక్కర్లేకుండా ఊగిపోతోందా, నిద్రపోతోందా, ఏదో ఒక గుర్తు పెట్టాలి. ఆమెకి పార్కిన్సన్స్ వచ్చి పదకొండేళ్ళు. మాత్రలు రోజుకి ఆరుసార్లకి పెరిగాయి. ఒకప్పుడు నాలుగు గంటలు మోసుకెళ్ళిన మాత్ర ఇప్పుడు గంటన్నరకే దింపేసి పోతోంది. ఇక మాత్రలతో అయ్యే పని కాదేమో, యంత్రం సాయం తీసుకోవాలేమో చూద్దామని డాక్టరమ్మ ఆ కాగితం ఇచ్చింది. "నీ చెయ్యి వణుకుతుంది, కోడిగీతలు గీస్తావు. నేను రాస్తాలే," అన్నాడు ఆయన. సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. మూడు రోజులూ సాయంత్రం టీ వేళకి కూర్చుని, రోజు మొత్తాన్నీ ఒక్కపెట్టున నింపేశాడు. పొద్దున టీ వచ్చింది, కొడుకూ కోడలూ డబ్బాలు పట్టుకుని ఆఫీసులకి వెళ్ళారు, మధ్యాహ్నం కంచంలోకి అన్నం వచ్చింది. అన్నీ వచ్చాయి కాబట్టి బాగుంది. మధ్యలో ఆమె మంచం మీద కట్టెలా పడి, పక్కకి తిరగడానికి కూడా లేక, పైన తిరిగే ఫ్యాను రెక్కల్ని చూస్తూ గడిపిన గంటలన్నిటికీ 'నిద్ర' అని రాశాడు.

గడియారాలాయన అంటారు ఆయన్ని వీధిలో. ఎంత పాత గడియారమైనా, ఇంకెవరూ బాగుచెయ్యలేమన్నదైనా ఆయన దగ్గరికి తెస్తారు. ఆమెని మాత్రం మైకమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో చెప్పింది. ఆమె గొంతు విని డ్రైవర్లు టీ గ్లాసులు కింద పెట్టి పరిగెత్తేవారు. తర్వాత జబ్బు గొంతులోకి కూడా దిగింది. ఒకరోజు మేనేజరు పిలిచి, "జనానికి వినపడటం లేదమ్మా. అయినా పెద్దవాళ్ళయ్యారు, ఇంకా ఈ అరుపులెందుకు," అన్నాడు. అప్పటికి ఆమెకి యాభై రెండు. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులూ సంచులూ దాచే గదిలో కూర్చోబెట్టాడు, రిటైరయ్యేదాకా అక్కడే. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని లేదు. గొడుగులతో ఏం మాట్లాడుతుంది?

ఆ కాగితం పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళిన రోజు వరండాలో గంటన్నర కూర్చున్నారు. పదకొండింటి మాత్ర వేసుకుంటానంటే, "ఇప్పుడే పిలుస్తారు, ఇంటికెళ్ళి వేసుకుందువుగాని," అన్నాడు ఆయన. పిలిచేసరికి ఆమె ఒళ్ళంతా బిగుసుకుపోయింది. నర్సు చంకల కింద చేతులు వేసి లేపి లోపలికి నడిపించాల్సి వచ్చింది.

డాక్టరమ్మ కాగితం చూసి, "దీని ప్రకారం మీకు ఏ యంత్రమూ అక్కర్లేదు. నాకన్నా బాగున్నారు," అంది. తర్వాత ఆమె మొహంలోకి చూసి, "ఎలా ఉంటోంది?" అని అడిగింది.

"బాగానే ఉంటుందండీ," అన్నాడు ఆయన. "కాస్త బద్ధకం. పగటి నిద్ర ఎక్కువైంది."

"నేనడిగింది ఆవిణ్ణి."

ఆమె చెప్పాలనుకుంది. ఈ జబ్బులో మాట మనసులో తయారైపోతుంది గానీ పెదాల దాకా రావడానికి ఆలస్యం చేస్తుంది. ఈలోగా ఆయన మళ్ళీ అందుకున్నాడు. "గొంతు కూడా కాస్త తగ్గిందండీ. ఏం అడిగినా నేను చెప్తాను." ముప్ఫై నాలుగేళ్ళుగా అంతే. పెళ్ళిచూపుల్లో మొదలైంది. పాడటం వచ్చా అని ఆమెని అడిగితే వాళ్ళ నాన్న చెప్పాడు. పెళ్ళయ్యాక ఆ పని ఆయన పుచ్చుకున్నాడు. మా ఆవిడకి పులుపు పడదండీ, మా ఆవిడకి సినిమాలంటే ఇష్టం ఉండదండీ. రెండూ అబద్ధాలే. పోన్లే, నలుగురిలో ఏం బాగుంటుందని ఎప్పుడూ దిద్దలేదు.

"లేచి నాలుగడుగులు వెయ్యండి," అంది డాక్టరమ్మ. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ కుర్చీ వదల్లేదు. డాక్టరమ్మ కాగితం వైపు చూసింది, ఆమె వైపు చూసింది, ఆయన వైపు చూసింది, నర్సుకి సైగ చేసింది. నర్సు కొత్త కాగితం తెచ్చి ఈసారి తిన్నగా ఆమె ఒళ్ళో పెట్టింది. "మీరే రాయండమ్మా. రాయలేని గడి ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఖాళీ కూడా మాకు అర్థమౌతుంది."

ఉన్న దారుల గురించి కూడా డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. ఒకటి ఆపరేషన్. తలలోకి సన్నటి తీగలు దించి, గుండె పైన చర్మం కింద బ్యాటరీ పెడతారు. సరిచూసుకోవడానికి కొన్నాళ్ళు తిరగాలి గానీ, ఆ తర్వాత రోజువారీ చాకిరీ తక్కువ. చాలామందికి బాగా పనిచేస్తుంది. అయితే గొంతు ముందే తగ్గిపోయిన కొందరికి మాట ఇంకా ముద్దగా అవచ్చు. రెండోది పంపు. పొట్టకి చిన్న రంధ్రం చేసి పేగులోకి గొట్టం వేస్తారు, జిగురుగా ఉండే మందు పగలంతా కొద్దికొద్దిగా వెళ్తుంటుంది. పొద్దున తగిలించాలి, పడుకునే ముందు విప్పి గొట్టం కడగాలి, రంధ్రం చుట్టూ శుభ్రంగా ఉంచాలి. ఒక్కోసారి గొట్టం మూసుకుపోతుంది, జరుగుతుంది, ఆస్పత్రికి రావాలి. మూడోది చర్మం కింద సూదితో ఎక్కించే మందు. అది ఇదివరకే ఆమె మీద పరీక్ష చేసి చూస్తే కళ్ళు తిరిగి వాంతులయ్యాయి కాబట్టి వదిలేశారు. "ఏదీ జబ్బుని తీసెయ్యదమ్మా. ఏది మీ రోజుకి సరిపోతుందో ఆలోచించుకుని రండి," అంది. ఏ దారైనా ఆమె ఉద్యోగం తాలూకు ఆరోగ్య కార్డు మీదే అయిపోతుంది. ఆ గొడుగుల గది అందుకైనా పనికొచ్చింది.

ఆమె ఆ కాగితాన్ని వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకుంది, పెన్సిలుకి దారం కట్టి తలుపు గడియకి వేలాడదీసింది. మొదటిరోజు కోపంగానే రాసింది. ఆయన రాసినదంతా తప్పని చూపించాలని. రెండోరోజు సాయంత్రానికి ఆ కోపం ఎటుపోయిందో తెలియలేదు. కాగితం మీద కనపడ్డది వేరే సంగతి.

ఐదింటికి మాత్ర వేసుకుంటుంది. ఐదూ ముప్పావుకి కాళ్ళు వస్తాయి. ఏడూ పావుకి పోతాయి. మధ్యలో ఆయన ఆరింటి టీ, అందరికీ టిఫిను, రెండు డబ్బాలు. ఏడింటికల్లా ఆ డబ్బాల మూతలు పడకపోతే కొడుకు గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూసుకుంటాడు. ఎనిమిదింటి మాత్ర బట్టలకీ అంట్లకీ సరి. పదకొండింటి మాత్ర మధ్యాహ్నం వంటకీ ఆయన భోజనానికీ. రెండింటికి వేసుకోవాల్సిన మాత్రని మూడున్నరకి జరుపుకుంటుంది, లేకపోతే సాయంత్రం టీ, రాత్రి వంట గట్టెక్కవు. ఇలా జరపమని ఏ డాక్టరూ చెప్పలేదు. తనే, ఏళ్ళ తరబడి, ఎవరికీ చెప్పకుండా, ఇంటి పనికి తగ్గట్టు ఒంటిని దిద్దుకుంటూ వచ్చింది. కాళ్ళూ చేతులూ తనవిగా ఉండే గళ్ళన్నీ పొయ్యి ముందు. కట్టెలా పడి ఉండే గళ్ళన్నీ తనకి. అందుకే ఇంట్లోవాళ్ళకి ఆమె రెండు రకాలుగానే తెలుసు. పనిచేస్తూ కనపడితే బాగుంది, పడుకుని కనపడితే బద్ధకం.

వణుకు మొదలైన కొత్తల్లో అత్తగారు, "చేతులకి సరిపడా పని లేకపోతే ఇలాగే వణుకుతాయి," అంది. మందు ఎక్కువై ఒళ్ళు ఊగిపోతుంటే ఆడపడుచు, "ఏంటి వదినా, డాన్సు నేర్చుకుంటున్నావా?" అని నవ్వింది. అప్పుడు తనూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కాదు, తన మీద.

రెండోరోజు కాగితంలో రెండున్నర గడి దగ్గర ఆగిపోయింది. ఆ వేళకి రోజూ కండక్టరమ్మ ఫోను చేస్తుంది. బస్టాండు నాటి స్నేహితురాలు, షుగరు వల్ల కళ్ళు పోయాయి. వాళ్ళింట్లో అందరూ బయటికెళ్ళాక ఫోను చేస్తే, ఈమె పేపరు చదివి వినిపిస్తుంది. ముందు ప్రమాదాలు, తర్వాత సినిమా కబుర్లు, చివరికి ఆదివారం సంచికలోని సీరియల్ కొంచెం కొంచెంగా దాచుకుని వారమంతా. రోజు మొత్తంలో ఎవరికీ వండక్కర్లేని అరగంట అదొక్కటే. ఆ గడి ఖాళీగా ఉంది. ముందురోజుదీ ఖాళీయే. ఆ వేళకి మందు దిగిపోయి ఉంటుంది, పెన్సిలు వేళ్ళలో నిలవదు, గొంతు నూతిలోంచి వస్తుంది. ఆరు మాత్రల్లో ఒక్కదాన్ని కూడా ఆ అరగంటకి ఇవ్వలేదు. ఎవరో లాక్కోలేదు, తనే ఇవ్వలేదు. వంటింటి గోడకి తల ఆనించి కాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే పొయ్యి మీదది మాడుతోందని మంట తగ్గించింది.

"గట్టిగా చదువు మైకమ్మా," అంటుంది కండక్టరమ్మ. "ఇలా చెబితే బస్సు ఎవరెక్కుతారే? ఖాళీ బస్సు తోలుకుపొమ్మంటావా?"

ఆదివారం భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళు తేల్చేశారు. ఆమె వడ్డిస్తూ ఉంది.

"ఆపరేషనే నయం అమ్మా," అన్నాడు కొడుకు. "ఒక్కసారితో అయిపోతుంది. పంపయితే రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు కూర్చోవాలి."

"నాకు ఏడింటికే బండి అత్తయ్యా," అంది కోడలు. దాచుకోకుండా చెప్పింది, నయమే. "సెలవు రోజుల్లో అయితే నేర్చుకుని చేస్తాను."

"రోజూ ఆ గొట్టాలూ రంధ్రాలూ నావల్ల కాదు," అన్నాడు ఆయన. "నాకవి చేతకావు. నేను వాటిని చూడలేను. నీకైతే అలవాటు."

అలవాటు ఎప్పుడైంది? మామగారు మంచాన పడినప్పుడు, ముక్కులోంచి వేసిన గొట్టంలో పదకొండు నెలలు ఆమే పాలూ జావా పోసింది. అప్పుడూ ఆయన గుమ్మం అవతలే నిలబడి, "నేను చూడలేనే, నీకైతే అలవాటు," అన్నాడు. ఆ రోజు ఆమె చెయ్యి మొట్టమొదటిసారి గొట్టాన్ని పట్టుకుంది. ఎవరూ అలవాటుతో పుట్టరు.

"మాట ముద్దగా అవచ్చన్నారు కదా," అంది, కూరగిన్నె కింద పెడుతూ.

ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అంది.

"మాటదేముంది?" అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. "ఇంట్లో ఉండేది మేమేగా. నువ్వు నోరు తెరవకముందే మాకు అర్థమైపోతుంది."

ప్రేమగానే అన్నాడు. అదే ఆమెకి తట్టుకోవడం కష్టమైంది. కోపంగా అని ఉంటే కంచం ముందు ఏదో ఒక మాట పడేసేది. కొడుకు తల ఊపాడు, కోడలు పెరుగు అందుకుంది. ఆమెకి తల తెరుస్తారన్న భయం లేదు. కండక్టరమ్మ ఎదురుగా ఉన్నట్టు కళ్ళముందు కదిలింది, ఫోను చెవికి ఆనించుకుని, ఆ... ఏంటి... మళ్ళీ చెప్పు అంటూ. కంచాలు తీసి కడిగింది. ఆ గడిలో 'కదలగలను' అని గుర్తు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం వంట సగంలో దించేసి, రెండింటి మాత్రని రెండింటికి కాదు, ఒంటిగంటన్నరకే వేసుకుంది. ఫోను మోగేసరికి గొంతు వచ్చింది. మరీ పాత గొంతు కాదు గానీ గొంతే. సీరియల్ రెండు భాగాలు ఏకబిగిన చదివింది. అవతల కండక్టరమ్మ ఊ కొట్టడం కూడా మరిచిపోయింది.

"ఉన్నావా?"

"ఉన్నానే. ఏ ప్లాట్‌ఫాం మీదికి రమ్మంటావా అని చూస్తున్నా," అంది. అప్పుడు ఆపరేషన్ సంగతీ పంపు సంగతీ చెప్పి, నువ్వైతే ఏం చేస్తావని అడిగింది ఈమె. కండక్టరమ్మ ఆలోచించింది. "నీ కాళ్ళెలా ఉన్నాయో నేను చూడలేను. నీ గొంతొక్కటే నాకు తెలుసు. కాళ్ళు బాగుపడి, గొంతు పోయి, నువ్వు మా ఇంటికి నడుచుకుంటూ వచ్చావనుకో. వచ్చింది నువ్వేనని నాకెలా తెలుస్తుందే?"

ఆ సాయంత్రం టీ రెండు గంటలు ఆలస్యమైంది. "ఇవాళ బాగాలేనట్టుంది," అన్నాడు ఆయన.

"ఇవాళే బాగుంది," అంది. ఆయన భూతద్దం తీసి చూశాడు గానీ, ఏమిటో అర్థం కాక మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆస్పత్రికి వెళ్ళిన రోజు పదకొండింటి మాత్రని వరండాలోనే, ఎవరినీ అడక్కుండా, నీళ్ళ సీసా తీసి వేసుకుంది. డాక్టరమ్మ కొత్త కాగితాన్ని చాలాసేపు చూసింది. బాగున్నప్పటి రాత ఒక సైజు, మందు దిగుతున్నప్పటి రాత చీమల బారంత. ఆ తర్వాత ఖాళీలు. "రోజుకి ఏడు గంటలు బిగుసుకుపోయే ఉంటున్నారు. ఎప్పట్నించి?"

ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకుని గళ్ళు లెక్కపెట్టసాగాడు.

"మూడేళ్ళయింది," అంది ఆమె.

"ఏం అనుకున్నారు?"

"ఆపరేషనే అనుకున్నామండీ," అన్నాడు ఆయన.

"పంపు," అంది ఆమె.

గదిలో ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. డాక్టరమ్మ తొందరపడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఎందుకని అడిగింది. నాకు మాట కావాలండీ, అంది ఆమె. రోజూ పేపరు చదవాలి ఒకరికి. డాక్టరమ్మ తల ఊపి, సమంజసమే అంది. పంపూ గొంతుని తిరిగి తెచ్చిపెడుతుందని మాటివ్వలేనని, ముందు కొన్ని రోజులు ఆస్పత్రిలోనే ముక్కు గొట్టంతో ఎక్కించి చూస్తామని, పడితేనే పొట్టకి వేస్తామని, పడకపోతే ఆపరేషన్ దారి అప్పటికీ ఉంటుందని చెప్పింది. తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "పొద్దున లేవగానే మందు ఉండదు, మీ వేళ్ళు మీ మాట వినవు. మీ అంతట మీరు తగిలించుకోలేరు. రోజూ ఎవరు చేస్తారు?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఇంట్లో ఏ పని ఎదురైనా ఆయన చూపు అలవాటుగా ఎటు తిరుగుతుందో అటే తిరిగింది. ఈ పని ఆమె చేసుకోలేనిదని గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది.

"ఈయన చేస్తారు," అంది ఆమె.

"నేనా? అబ్బే, నాకివన్నీ చేతకావండీ. గొట్టాలంటే..."

"ఏమన్నారు?" డాక్టరమ్మ ఆమె వైపు వంగింది. "సరిగ్గా వినపడలేదు."

ఆమె ఊపిరి కడుపు నిండా పీల్చుకుంది. వెన్ను నిటారుగా పెట్టింది. మైకు ముందు అలాగే కూర్చునేది.

"ఈయన చేస్తారు. వెంట్రుకంత స్ప్రింగు పట్టకారుతో పట్టుకుని బిగిస్తారు. నలభై ఏళ్ళుగా చెయ్యి వణకలేదు. నేర్పండి, నేర్చుకుంటారు."

వరండాలో కూర్చున్నవాళ్ళు ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు, వాటి సంగతి ఎవరో కొత్తగా బయటపెట్టినట్టు. కాదని ఎలా అంటాడు? వీధి వీధంతా సాక్ష్యం చెబుతుంది. భయపడ్డాడని ఆమెకి తెలుసు. ఆయన చేతుల్లో పెట్టేది తన ఒంటినని తలుచుకుంటే తనకీ భయంగానే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన తరఫున ఆమె జవాబు చెప్పడం అదే మొదలు. పెద్ద కష్టమేమీ కాదు. ఇన్నేళ్ళూ ఆయన అంత సులువుగా ఎలా చెప్పాడో అర్థమైంది.

ఎలా తగిలించాలో చూపించడానికి నర్సు పళ్ళెంలో పంపూ గొట్టమూ మందు డబ్బా తెచ్చింది. ఎప్పట్లాగే ఆడమనిషి ముందు పెట్టబోయి, ఆగి, పళ్ళాన్ని బల్ల మీదుగా ఆయన వైపు తోసింది. ఆయన జేబు తడుముకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. గొట్టం కొస పట్టుకుని ఇటూ అటూ తిప్పి, అది ఎటు బిగుస్తుందో నర్సు చెప్పకముందే కనిపెట్టేశాడు.

"చూశారా, వచ్చేసింది," అంది నర్సు. చీటీ తీసుకుని కలం విప్పింది. "పొద్దున ఎన్నింటికి మొదలుపెడదాం సార్? రోజూ అదే టైముకి చెయ్యాలి."

"ఐదింటికి రాయండి," అన్నాడు ఆయన, గొట్టం మీంచి చూపు తిప్పకుండా. "మా ఆవిడ ఐదింటికే లేస్తుందండీ."

"ఏడున్నరకి రాయమ్మా," అంది ఆమె. "అంతకు ముందు నాకు పనేమీ లేదు."